మూడు సంతకాల ట్రంకుపెట్టె

మార్చి నెల వచ్చిందంటే మా వైపు ప్రశ్నపత్రాలు పోలీస్ స్టేషన్‌లో కాపురం ఉంటాయి. ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు, రాయించినవాళ్లకు బాగా తెలుసు. ఇనుప ట్రంకుపెట్టె. దానికి రెండు తాళాలు. తాళాల మీద గుడ్డ చుట్టి లక్క సీలు. ఒక తాళంచెవి చీఫ్ సూపరింటెండెంట్ దగ్గర, రెండోది డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ దగ్గర. పెట్టె పెట్టిన గది తాళంచెవి కస్టోడియన్ అనే మూడో మనిషి దగ్గర. గది ముందు తుపాకితో కానిస్టేబుల్ ఉంటాడు, ఆయన దగ్గర మాత్రం ఏ తాళంచెవీ ఉండదు. పెట్టెలో ఉన్న సెట్లలో ఏది ఇవ్వాలో ముందురోజు మాకెవరికీ తెలియదు. పరీక్షకు కాస్త ముందు ఫోన్‌కు సెట్ నంబరు వస్తుంది. ముగ్గురం రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి, టైము వేసి, అప్పుడే పెట్టె తెరవాలి.

మాది తిమ్మాజిపేట. నాగర్‌కర్నూల్ జిల్లా. చాలా ఏళ్లు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ ట్రంకుపెట్టె దగ్గర ఎన్ని పొద్దులు నిలబడ్డానో లెక్కలేదు. ఒక పొద్దు మాత్రం బాగా గుర్తుంది. సెట్ నంబరు వచ్చేసింది. చీఫ్ వచ్చాడు, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్‌గా నేనూ వచ్చాను. మూడో మనిషి రాలేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తున్నది. పెద్ద వయసు కానిస్టేబుల్ ఒకాయన మమ్మల్ని చూసి జాలిపడి, "ఇద్దరున్నరు గద సారూ, గది తాళం పగలగొట్టుండ్రి, నేను చూస్త. ఎవరడుగుతరు?" అన్నాడు. చీఫ్ నా మొహం చూశాడు. నేను గడియారం చూశాను. అంతలో ఆ మూడో ఆయన ఎవరిదో ట్రాలీ ఆటోలో వెనక నిలబడి దిగాడు. దారిలో బండి టైరు పంచరయిందట. పరీక్ష సమయానికే మొదలైంది. కాని తర్వాత వారం రోజులు కాగితాలు నడిచాయి. ఆలస్యానికి వివరణ ఇమ్మన్నారు. ముగ్గురం మూడు వివరణలు రాశాం. ప్రతివాడి వివరణలోనూ తప్పు మిగతా ఇద్దరిదో, టైరుదో. చివరికి అందరూ జాగ్రత్తగా ఉండాలని ఒక కాగితం వచ్చి ఫైలు మూతపడింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అణుబాంబు ఎట్లా పేలుతుందో ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో చివరి పాఠాల్లో ఉంటుంది. ఏటా చెప్పేవాణ్ణి. అది ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు చెబితే కదులుతుంది, దానికి తాళం ఎవరు వేస్తారు అన్నది ఏ పాఠంలోనూ లేదు. ఒక పిల్లవాడు అడిగాడు కూడా: "సార్, మన బాంబు మిలిటరీవాళ్ల దగ్గర ఉంటదా?" ఆ రోజు ఉంటుందనే చెప్పాను. తర్వాత చదువుకుంటే తేలింది, నేను చెప్పింది సగం కూడా నిజం కాదని.

1998 మే 11, సోమవారం. వైశాఖ పూర్ణిమ. ఎండాకాలం సెలవులు. వాకిట్లో మంచం వేసుకుని రేడియోలో వార్తలు వింటున్నాం. పోఖ్రాన్‌లో మూడు అణుపరీక్షలు జరిగాయని చెప్పారు. రెండు రోజుల తర్వాత, 13న, ఇంకో రెండు. వీధిలో పిల్లలు పటాకులు కాల్చారు. ఆ పరీక్షలకు సామాను ఎట్లా చేరిందన్నది ఆ తర్వాతి సంవత్సరాల్లో పుస్తకాల్లో, పత్రికల్లో బయటికి వచ్చింది. ప్లుటోనియం గోళాలు ముంబైలోని ట్రాంబే నుంచి, అణుశక్తి శాఖ కింద ఉన్న బాబా అణు పరిశోధన కేంద్రం నుంచి వచ్చాయి. వాటిని జైసల్మేర్‌కు చేర్చింది వైమానిక దళం విమానం. అక్కణ్నుంచి ఎడారిలోకి మోసింది సైన్యం లారీలు. వాటిచుట్టూ పేలే మందు, పేల్చే యంత్రాంగం సమకూర్చింది రక్షణ పరిశోధన సంస్థ, మనం డీఆర్‌డీఓ అంటామే అది. పరీక్ష బావులు సిద్ధం చేసింది సైన్యంలోని ఇంజనీర్ రెజిమెంట్. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో, మారుపేర్లతో తిరిగారు. డీఆర్‌డీఓ పెద్ద కలాం గారు మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అయ్యారు. అణుశక్తి శాఖ పెద్ద చిదంబరం గారు నటరాజ్ అయ్యారు.

ఈ వరుసలో నాకు ఆశ్చర్యం కలిగించింది ఒకటే. ఆ బావిలోకి దిగేదాకా బాంబు మొత్తంగా ఏ ఒక్క శాఖ చేతిలోనూ లేదు. ఒకరి దగ్గర గుండె, ఒకరి దగ్గర ఒళ్లు, ఒకరి దగ్గర కాళ్లు. ట్రంకుపెట్టె లెక్కే.

ఈ పంపకం ఎవరో ఒకరు కూర్చుని గీసిన పటం కాదు. పుట్టుకలోనే అట్లా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, అణుశక్తి సంఘం ఏర్పడింది. 1954లో అణుశక్తి శాఖ ఏర్పడింది. హోమీ బాబా, నెహ్రూ కలిసి ఆ శాఖను ఏ మంత్రిత్వ శాఖ కిందా పెట్టలేదు, నేరుగా ప్రధాని కిందే ఉంచారు. ఇప్పటికీ అంతే. అంటే కరెంటు తయారుచేసే అణువు, బాంబులో పేలే అణువు ఒకే ఇంట్లో పెరిగాయి, ఆ ఇంటి యజమాని ప్రధాని. రక్షణ శాఖ ఇల్లు వేరు. 1974 మే 18న మొదటి పరీక్ష జరిగినప్పుడు నిర్ణయం తీసుకున్నవాళ్లు ఇందిరాగాంధీ, ఆమె సలహాదారులు ఇద్దరు, అణుశక్తి శాఖ పెద్దలు హోమీ సేత్నా, రాజా రామన్న, డీఆర్‌డీఓ పెద్ద నాగ్ చౌధురి. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. ఆ గుంపులో రక్షణ మంత్రి లేరు. సైన్యం బావి తవ్వింది కాని, ఎందుకు తవ్వుతున్నామో తెలిసినవాళ్లు అందులోనూ కొద్దిమందే. మా పాలమూరు మేస్త్రీలకు ఇది కొత్తగా అనిపించదు. దేశమంతా తిరిగి పునాదులు తవ్వినవాళ్లకు, పైన ఏ అంతస్తు లేస్తుందో ఎవరు చెప్పారు కనుక.

సైన్యాన్ని అట్లా దూరంగా పెట్టడం వెనుక ఒక భయం ఉంది. చుట్టుపక్కల దేశాల్లో సైనికాధికారులు గద్దెనెక్కుతున్న కాలం అది. బాంబు సైన్యం బీరువాలో ఉంటే రేపు ఏమవుతుందో అని రాజకీయ నాయకత్వానికి గుబులు. అందుకని శాస్త్రవేత్తల దగ్గర గుండెను ఉంచారు, సైన్యం దగ్గర విమానాలను ఉంచారు. తరువాత క్షిపణులు వచ్చాయి.

ఇక్కడ మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. డీఆర్‌డీఎల్, అంటే క్షిపణుల ప్రయోగశాల, 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగం, మనం నోటితో మిధాని అనేది. 1982లో కలాం డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి సంవత్సరం సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1988 ఫిబ్రవరిలో పృథ్వి ఎగిరింది. 1989 మే 22న అగ్ని ఎగిరింది. అయిదువేల కిలోమీటర్ల పైచిలుకు పోయే అగ్ని-5ను 2012 ఏప్రిల్ 19న మొదటిసారి పరీక్షించారు. దాన్ని రూపొందించింది కూడా హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ ల్యాబొరేటరీయే.

మా ఊరి నుంచి పట్నం పోయి కూలి చేసుకున్నవాళ్లు మిధాని డిపో బోర్డు పెట్టుకున్న సిటీ బస్సు ఎన్నిసార్లు ఎక్కి ఉంటారో. ఆ పేరు వెనక ఉన్నది మామూలు ఇనుము కాదని, రాకెట్లకూ రియాక్టర్లకూ పనికొచ్చే ప్రత్యేక లోహమని ఎంతమందికి తెలుసు? కాంచన్‌బాగ్ పొడుగు ప్రహరీ గోడల పక్కన బస్సు నడుస్తుంటే కిటికీలోంచి కనిపించేది ముళ్లకంచె, వేపచెట్లు. అంతే.

పట్నానికి రెండోవైపు మౌలాలి దగ్గర అణు ఇంధన సముదాయం ఉంది. దాని పక్కనే ఈసీఐఎల్. 1967లో పుట్టిన ఆ సంస్థ వెనక ఉన్న పెద్దమనిషి ఎ.ఎస్.రావు గారు. ఆయన పేరనే ఎ.ఎస్.రావు నగర్ వెలిసింది. ఈసీఐఎల్ అణుశక్తి శాఖ కిందిదే. రియాక్టర్లను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్స్ చేసేదీ, మనం ఓటు వేసే యంత్రాన్ని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటీ అదే. ఎన్నికల డ్యూటీకి పోయినప్పుడు బల్ల మీద ఆ యంత్రం పెట్టి సీలు వేస్తుంటే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఊరి ప్రజలు తమ చేతికి ఉన్న ఒక్కగానొక్క మీట నొక్కేది అణుశక్తి శాఖవాళ్లు చేసిన పెట్టె మీద.

అణుశక్తి సంగతి వచ్చినప్పుడు పీవీ గారిని తలుచుకోకుండా ఉండలేం. వంగర బిడ్డ. 1991 నుంచి 1996 దాకా ప్రధాని. ప్రధాని అయ్యాక లోక్‌సభకు వెళ్లింది నంద్యాల నుంచి, అంటే మా నల్లమలకు అవతలి వైపు నుంచి. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో పరీక్షకు ఏర్పాట్లు జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. వాళ్ల రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఢిల్లీలో మన అధికారులను కలిసి ఆ సంగతి ఎత్తాడు. పరీక్ష ఆగింది. పీవీ పోయాక, 2004 డిసెంబర్‌లో, వాజ్‌పేయి ఒక మాట బయటపెట్టారు. తాను 1996లో గద్దెనెక్కినప్పుడు బాంబు సిద్ధంగా ఉందని చెప్పింది పీవీయేనని, తాను పేల్చడం మాత్రమే చేశానని ఆయన చెప్పిన దాని సారాంశం. ఒక పార్టీ ప్రధాని ఇంకో పార్టీ ప్రధానికి తాళంచెవి చేతిలో పెట్టడం అది. ఆ అప్పగింతకు రిజిస్టర్ లేదు, సంతకం లేదు, సాక్షి లేడు. ఇద్దరు ముసలివాళ్ల మధ్య నమ్మకం ఉంది. ఆ పూటకు అది సరిపోయింది. ప్రతిసారీ సరిపోతుందా అన్నదే ప్రశ్న.

సరిపోదని గ్రహించారో ఏమో, 1998 పరీక్షల తర్వాత రిజిస్టర్ రాయడం మొదలుపెట్టారు. 1999 ఆగస్టులో కె.సుబ్రహ్మణ్యం సారథ్యంలోని సలహా మండలి అణు విధానానికి ఒక ముసాయిదా ఇచ్చింది. 2003 జనవరి 4న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం అసలు ప్రకటన చేసింది. ఒకటిన్నర పేజీ కూడా ఉండదు. మన అణ్వాయుధాలు ఎవరి చేతిలో ఉంటాయని అడిగిన ఆ పిల్లవాడికి జవాబు అందులో ఉంది.

న్యూక్లియర్ కమాండ్ అథారిటీ అని ఒకటి. దానికి రెండు అంగాలు. మొదటిది రాజకీయ మండలి. దానికి అధ్యక్షుడు ప్రధాని. అణ్వాయుధం వాడమని చెప్పగలిగింది దేశం మొత్తంలో ఈ మండలి ఒక్కటే. రెండోది కార్యనిర్వాహక మండలి. దానికి అధ్యక్షుడు జాతీయ భద్రతా సలహాదారు. పై మండలికి కావలసిన సమాచారం ఇవ్వడం, వాళ్లు ఇచ్చిన ఆదేశం అమలు చేయడం దీని పని. వీటి కింద స్ట్రాటజిక్ ఫోర్సెస్ కమాండ్, ఆయుధాలను మోసుకుపోయే సైనిక దళాల నిర్వహణ. మొదటి అధిపతి వైమానిక దళం నుంచి వచ్చిన ఎయిర్ మార్షల్ అస్థానా. ప్రధానికి ఏమైనా అయితే ఎవరు అన్నదానికి ప్రత్యామ్నాయ వరుసలు కూడా సిద్ధంగా ఉన్నాయని ప్రకటనలో ఉంది. ఆ వరుసలో ఎవరున్నారో లేదు. అది ఉండకూడదు కూడా, నేను ఒప్పుకుంటాను. సెట్ నంబరు ముందే చెప్పేస్తే పరీక్ష ఎందుకు? మనం ముందుగా వాడం, మన మీద వాడితే మాత్రం విడిచిపెట్టం అన్న మాట కూడా ఆ ప్రకటనలోనే ఉంది.

చిన్న విశేషం. ఆ ప్రకటన వచ్చిన రోజు దేశానికి రాష్ట్రపతి కలాం. రాజ్యాంగం ప్రకారం సర్వసైన్యాధ్యక్షుడు. అగ్నిని ఎగరేసిన మనిషి. ఆయుధం వాడాలని ఆదేశించేవాళ్లలో మాత్రం ఆ ప్రకటన ఆయన పదవిని పేర్కొనలేదు.

మనకు పదిమందిలో పాము చావదని సామెత ఉంది. నలుగురు చేరితే ప్రతివాడూ పక్కవాడు కొడతాడులే అనుకుంటాడు, పాము కలుగులోకి పోతుంది. ఊరి పనుల్లో ఇది శాపం. అణ్వాయుధం దగ్గరకు వచ్చేసరికి ఇదే వరం. ఇక్కడ పాము బయటికి రాకూడదు, ఏ ఒక్కడి చేతికీ దొరకకూడదు. అందుకే చాలాకాలం మన పద్ధతి ఏమిటంటే, శాంతి సమయంలో గుండె ఒకచోట, ఒళ్లు ఒకచోట, వాహనం ఒకచోట. అణుశక్తి శాఖవాళ్లు, డీఆర్‌డీఓ వాళ్లు, సైన్యంవాళ్లు వచ్చి కలిపితే తప్ప ఆయుధం ఆయుధం కాదు. నిపుణులు రాసేది ఇదే.

అమెరికా వాళ్లూ మొదట ఇట్లాగే అనుకున్నారు. 1946లో చట్టం చేసి బాంబులను సైన్యం నుంచి తీసి పౌర సంఘం చేతిలో పెట్టారు. సోవియట్‌తో పోటీ పెరిగేకొద్దీ ఒక్కొక్కటే సైన్యం చేతికి పోయాయి. ఇప్పుడు అక్కడ బాంబు రూపకల్పన, తయారీ, మరమ్మతు ఇంధన శాఖ పని, దాచడం, మోయడం రక్షణ శాఖ పని. రెండూ కలిసి కూర్చునే మండలి ఒకటి ఉంది. వాడమని చెప్పే అధికారం మాత్రం అధ్యక్షుడు ఒక్కడిదే. రెండో సంతకం అక్కర్లేదు. మన ట్రంకుపెట్టెకు ఉన్నపాటి జాగ్రత్త అక్కడ పైమెట్టున లేదు. కిందిమెట్లలో బోలెడంత ఉంది. క్షిపణులను పేల్చే భూగర్భ గదిలో ఇద్దరు అధికారులు, ఇద్దరికీ వేరువేరు తాళంచెవులు, ఒకడే రెండూ తిప్పలేనంత దూరంలో.

ఇన్ని జాగ్రత్తలుండి ఏం జరిగిందో చూడండి. 2007 ఆగస్టు 30న నార్త్ డకోటాలోని మైనాట్ స్థావరం నుంచి ఒక బీ-52 విమానం లూసియానాకు బయల్దేరింది. ఒక వైపు రెక్క కింద ఆరు క్షిపణులు. ఉత్తుత్తి బాంబులున్నాయని అందరి నమ్మకం. ఆరింటిలోనూ నిజమైన అణుబాంబులే ఉన్నాయి. ఒకటిన్నర రోజు ఎవరికీ తెలియలేదు. దాచే గది దగ్గర చూడాలి, మోసేవాళ్లు చూడాలి, విమానానికి తగిలించేవాళ్లు చూడాలి, ఎగిరేవాళ్లు చూడాలి. ముందువాళ్లు చూసే ఉంటారులే అని అందరూ అనుకున్నారు. పదిమందిలో పాము. ఈసారి కలుగులోకి పోలేదు, ఆకాశంలోకి పోయింది.

మన దగ్గరా 2022 మార్చి 9న ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో అణుబాంబు లేదు, ప్రాణనష్టం జరగలేదు. విచారణ చేసి, పద్ధతి తప్పారని ముగ్గురు వైమానిక దళ అధికారులను ఆగస్టులో ఉద్యోగం నుంచి తొలగించారు. రెండు దేశాల మధ్య ఆ సాయంత్రం ఏం జరిగి ఉండేదో ఊహించుకుంటే, మా పోలీస్ స్టేషన్‌లో గోడ గడియారం గుర్తొస్తుంది.

పంపకం పద్ధతి ఇప్పుడు మారుతున్నది. 2009 జూలై 26న విశాఖపట్నంలో అణ్వాయుధాలు మోసే అరిహంత్ జలాంతర్గామి నీళ్లలోకి దిగింది. 2018 నవంబర్‌లో అది తొలి గస్తీ పూర్తిచేసిందని ప్రధాని ప్రకటించారు. 2024 ఆగస్టులో రెండోది, అరిఘాత్, అదే విశాఖలో నౌకాదళంలో చేరింది. సముద్రం అడుగున రోజుల తరబడి దాక్కునే ఓడకు గుండె ట్రాంబేలో, ఒళ్లు హైదరాబాద్‌లో పెడితే కుదరదు. అంతా ఓడలోనే ఉండాలి. అగ్ని-5 కూడా మూసిన గొట్టంలో సిద్ధంగా కూర్చునే రకం. అంటే మూడు చేతుల్లో ఉన్న మూడు ముక్కలు ఒకచోటికి చేరుతున్నాయి. అప్పుడు కాపలా కాసేది దూరం కాదు, అంకెల తాళం, ఇద్దరు మనుషుల నియమం. స్వీడన్‌లోని సిప్రీ సంస్థ 2025 మొదటికి మన దగ్గర 180 అణ్వాయుధాలు ఉన్నాయని అంచనా వేసింది. సంఖ్య కన్నా నాకు ముఖ్యమనిపించేది ఈ మార్పే. ట్రంకుపెట్టెను కాలేజీకే తెచ్చి, పరీక్ష గదిలోనే పెట్టినట్టు.

వాడకానికి వేసే తాళం గురించి ఇంతసేపు చెప్పాను. ఇంకో తాళం గురించి తక్కువ మాట్లాడతాం. తప్పు జరిగితే ఎవరు అడుగుతారు అన్నది. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి అని కాపలా సంస్థ ఏర్పడింది. రియాక్టర్ల భద్రత చూసేది అదే. 2000 సంవత్సరంలో బాబా కేంద్రం సౌకర్యాలను దాని పరిధి నుంచి తప్పించారు. బాబా కేంద్రమే తన భద్రత తాను చూసుకుంటుంది. బాంబు పని రహస్యం కనుక బయటివాళ్లు చూడకూడదన్న వాదనలో నిజం లేకపోలేదు. కాని తన పేపరు తానే దిద్దుకునే విద్యార్థిని నేను ముప్పై ఏళ్లలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. డీఆర్‌డీఓ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన తప్ప వేరే సంగతులు అడిగితే చెప్పక్కర్లేదు. ఆయుధం బయటికి రాకుండా పంచిన బాధ్యత, జవాబు కూడా బయటికి రాకుండా పంచినట్టయింది. రెండూ ఒకటి కావు.

ఇది మాకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. మా జిల్లాలోనే నల్లమల ఉంది. తిమ్మాజిపేట నుంచి రెండు గంటల ప్రయాణం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు. అక్కడి రాళ్లలో యురేనియం ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ చాలాకాలంగా చెబుతున్నది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే. 2019 మే నెలలో, 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు కేంద్ర పర్యావరణ శాఖలోని అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వేల బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లు కదిలాయి. అమ్రాబాద్, పదర, మన్ననూర్ రోడ్ల మీదికి జనం వచ్చారు. సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నల్లమల యురేనియం బాంబులకే అని నేను అనడం లేదు. మన ఆయుధాలకు ప్రధానంగా వాడింది ట్రాంబేలోని సైరస్, ధ్రువ రియాక్టర్లలో తయారైన ప్లుటోనియం. కరెంటు రియాక్టర్లకూ యురేనియం కావాలి. కాని బయటి దేశాల నుంచి కొన్నది అంతర్జాతీయ తనిఖీ కింద వాడాలి. మన గడ్డ మీద తవ్వినదానికి ఆ కట్టుబాటు లేదు. అందుకే దానికంత విలువ. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తున్నదీ, నల్లగొండలో లంబాపూర్, పెద్దగట్టు పేర్లు ఇరవై ఏళ్లుగా వినిపిస్తున్నదీ అందుకే. అడవిలో వేసే బోరుకూ, సముద్రం అడుగున ఉన్న ఓడకూ మధ్య ఉన్న దారి పొడుగు. ఆ దారిలో ఎన్ని ఆఫీసులున్నాయో లెక్కపెట్టండి. వెతికేది ఒక సంస్థ, తవ్వేది యురేనియం కార్పొరేషన్, అడవి ఇచ్చేది ఒక శాఖ, అనుమతి ఇచ్చేది ఇంకో శాఖ, ఇంధనం చేసేది ఇంకొకటి.

ఆ 2019లో నేను నా పాత విద్యార్థులతో కలిసి నల్లమల వైపు పోయాను. ఒక పెంటలో ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. ఒక చెంచు పెద్దాయన, భుజాన గొడ్డలి, చేతిలో దరఖాస్తు. ఎవరో చదువుకున్న పిల్లలు రాసిచ్చారు. కింద వేలిముద్రలు, రెండు మూడు వంకర సంతకాలు. నా దగ్గరకు కాగితం తెచ్చి అడిగాడు: "సారూ, దీని మీద ఎవరి పేరు రాయాలె?"

నేను కలం తీశాను. సర్వేవాళ్లకా, అడవివాళ్లకా, ఢిల్లీకా, హైదరాబాద్‌కా? సర్వేవాళ్లు మేం వెతుకుతాం అంతే, తవ్వేది మేం కాదంటారు. అదీ నిజమే. అడవివాళ్లు పైనుంచి వచ్చిందంటారు. అదీ నిజమే. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. కాసేపు చూసి ఆయనే అన్నాడు, "తెల్వకుంటే అందరికీ రాయి సారూ. ఒక్కలన్న చదువుతరు."

నాలుగు జిరాక్సులు తీయించాం. నాలుగు కవర్లు కొన్నాం. అచ్చంపేట పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించాం. పంపినవాళ్ల చిరునామా దగ్గర, పెంటకు తలుపు నంబరు లేదు కనుక, నా ఇంటిది రాశాం. పదిహేను రోజుల్లో నాలుగు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులూ తిమ్మాజిపేటకు తిరిగొచ్చాయి. నాలుగు సంతకాలు, నాలుగు రంగుల ముద్రలు. ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.